బుర్ర మీద బొమ్మ, గోడ మీద చిత్రం: అనంతపురం ప్రదర్శన గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో మా కాలనీ గ్రంథాలయం పై అంతస్తులో ఉన్న హాలును కొన్నేళ్ళుగా చిత్రశాలగా వాడుకుంటున్నాం. చుట్టుపక్కల చిత్రకారులు, సొరబుర్రల మీద పనిచేసేవారు ఏటా తమ పనిని ఇక్కడ పెడతారు. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది నేనే కాబట్టి ప్రశ్నలన్నీ ముందు నా దగ్గరికే వస్తాయి. ఎక్కువమంది అడిగినవి, ఒక్కరే అడిగినా అవసరమైనవి ఇక్కడ రాశాను.

ప్రదర్శనలో ఏమేమి చూడవచ్చు?

గోడల మీద నీటిరంగులు, తైలవర్ణాలు, యాక్రిలిక్ చిత్రాలు ఉంటాయి. హాలు మధ్యలో పొడవాటి బల్లల మీద సొరబుర్రలు ఉంటాయి. వాటిలో రంగులు వేసినవి, కాల్చి గీసినవి, చెక్కినవి, సన్నటి రంధ్రాలు పొడిచి దీపాలుగా మలిచినవి చూడవచ్చు.

మొదటి ఏడాది బుర్రలను తలుపు పక్కన, చెప్పులు విడిచే చోటికి ఎదురుగా పెట్టాం. అది పొరపాటు. చిత్రాలన్నీ చూసి బయటికి వెళుతున్నవాళ్ళు వాటిని తిరునాళ్ళలో అమ్మే బొమ్మల్లా ఒకసారి చూసి వెళ్ళిపోయారు. మరుసటి ఏడాది వాటిని మధ్యకు తెచ్చి, చుట్టూ నాలుగు వైపులా నడవడానికి దారి వదిలాం. బుర్రకు ముందూ వెనుకా అంటూ ఉండవు. దాన్ని గోడకు చేర్చి పెడితే సగం బొమ్మ ఎవరికీ కనబడదు.

సొరబుర్ర అంటే మనం వండుకునే సొరకాయేనా?

అదే. సర్కారు జిల్లాల్లో దాన్ని ఆనపకాయ అంటారు. కూరకు కోసేది లేత కాయ. తీగ మీదనే వదిలేసి ముదరనిచ్చి, ఆ తరువాత నెలల తరబడి ఎండబెడితే లోపలి గుజ్జు దూదిలా ఎండిపోయి, పైతొక్క చెక్కలాంటి గట్టి పెంకు అవుతుంది. అదే బుర్ర. రకాలు మాత్రం చాలా ఉన్నాయి. కూరకు పండించే పొడుగు కాయల పెంకు సాధారణంగా పలుచగా వస్తుంది. గుండ్రంగా పెరిగే రకాలు, నడుము సన్నగా ఉండి కింద బానలా ఉబ్బే రకాలు మందమైన పెంకునిస్తాయి. చెక్కడానికి అవే పనికొస్తాయి.

బుర్రల మీద బొమ్మలు వేయడం ఈమధ్య వచ్చిన ఆలోచనా?

ప్రశ్న అడిగేవారిలో చాలామంది ఇది ఇంటర్నెట్లో చూసి నేర్చుకున్న సరదా పని అనుకుంటారు. పెరూ దేశంలో తవ్వకాల్లో దొరికిన చెక్కిన బుర్రలు దాదాపు నాలుగు వేల ఏళ్ళ నాటివి. అంత దూరం పోనక్కర్లేదు. మనకు పొరుగునే ఉన్న ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో కాల్చిన కత్తి మొనతో బుర్రల మీద గీతలు పెట్టే పని నేటికీ సాగుతోంది.

మన ఇళ్ళలోనైతే బొమ్మలు లేకున్నా బుర్ర ఉండేది. విత్తనాలు దాచుకోవడానికి, పొలానికి నీళ్ళు తీసుకెళ్ళడానికి దాన్ని వాడేవారు. రాయలసీమ దిగుడుబావుల్లో ఈత నేర్చుకునే పిల్లల నడుముకు ఎండు సొరబుర్ర కట్టి నీళ్ళలోకి దించేవారు. వీణకు మెడ కింద అమర్చే గుండ్రటి బుర్ర, తంబూరకు అడుగున ఉండే పెద్ద బుర్ర, కిన్నెరకు కట్టే బుర్రలు అన్నీ ఈ తీగ ఇచ్చినవే. బుర్రకథలోని బుర్ర కూడా కథకుడి భుజం మీది తంబూరను గుర్తుచేసే మాటే. తలకాయకూ దీనికీ తెలుగువాళ్ళం ఒకే పేరు పెట్టుకున్నాం. అంత దగ్గరి వస్తువు ఇది.

పచ్చి కాయ బుర్రగా మారడానికి ఎంత కాలం పడుతుంది? ఎలా చేస్తారు?

ఇది కాస్త వివరంగా చెప్పాలి. బుర్ర విలువంతా ఇక్కడే ఉంది.

సొరపువ్వు తెల్లగా ఉంటుంది, పొద్దుగూకే వేళకు విచ్చుకుంటుంది. తేనెటీగలు గూటికి చేరే సమయమది. అందుకే కళాకారుల్లో కొందరు సాయంత్రం పూట పందిరి కిందికి వెళ్ళి మగపువ్వును తుంచి, ఆడపువ్వుకు తామే అద్ది వస్తారు. పిందె నిలిచాక కొందరు దాన్ని గుడ్డపేలికతో వదులుగా కట్టి నడుము తెస్తారు. మరికొందరు నేలమీద వాలిన కాయ కింద గడ్డి పరిచి అడుగు చదునుగా వచ్చేలా చూస్తారు.

తీగ వాడి, ముచ్చిక గోధుమరంగుకు తిరిగాకే కాయను కోయాలి. అది కూడా నాలుగు వేళ్ళ పొడవు తొడిమ ఉంచి కోయాలి. ముచ్చిక పచ్చిగా ఉండగా కోస్తే లోపల గింజలు, పెంకు ముదరవు. మా దగ్గర మొదట్లో తొందరపడి కోసిన ఆరు కాయల్లో నాలుగు పదిహేను రోజుల్లో ముడతలు పడి, నొక్కితే వేలు దిగేంత మెత్తబడిపోయాయి.

కోసిన కాయను కడిగి, తుడిచి, గాలి ఆడే నీడలో జాలీ మంచం మీదో తడిక మీదో ఒకదానికొకటి తగలకుండా పెట్టాలి. వారానికోసారి తిప్పాలి. కాయలో ఎక్కువ భాగం నీరే కనుక అదంతా తొక్క గుండా బయటికి రావాలి. ఆ క్రమంలో పైన నల్లగా, తెల్లగా బూజు పడుతుంది. చూసినవాళ్ళు కుళ్ళిపోయిందని పారేస్తారు. పారేయకండి. కాయ గట్టిగా ఉన్నంతవరకు ఆ బూజు పైపైదే. చిన్న బుర్రకు మూడు నాలుగు నెలలు, పెద్దదానికి ఏడాది వరకు కూడా పట్టవచ్చు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురానికి ఈ విషయంలో ఒక మేలు ఉంది. ఇక్కడి పొడిగాలికి బుర్ర త్వరగా ఎండుతుంది, కుళ్ళు తక్కువ. సేద్యానికి శాపమైన ఆ గాలి ఈ ఒక్క పనికి కలిసివచ్చింది.

చేతిలోకి తీసుకుంటే ఖాళీ గంపంత తేలిగ్గా ఉండి, ఊపితే గింజలు గలగలలాడితే ఎండినట్టు. అప్పుడు బుర్రకు తడిగుడ్డ చుట్టి గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, స్టీలు పీచుతో పైపొర, బూజు మరకలు రుద్దిపారేస్తారు. కింద నుంచి తేనెరంగు పెంకు బయటపడుతుంది. బూజు మచ్చలు కొన్ని పోవు. అవి మేఘాల్లా, కొండల్లా కనబడతాయి. మంచి కళాకారులు వాటిని చెరపకుండా వాటిచుట్టూ బొమ్మ గీస్తారు. ఒక విషయం గుర్తుంచుకోండి. బుర్ర కోసినప్పుడు, లోపల గీకినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకూ నోటికీ మాస్కు లేకుండా ఆ పని చేయవద్దు.

దాని మీద ఏ రంగులు నిలుస్తాయి?

యాక్రిలిక్ రంగులు బాగా పట్టుకుంటాయి. పెంకుకు సహజంగా మైనంలాంటి నునుపు ఉంటుంది. గరుకు కాగితంతో లేతగా రుద్ది దాన్ని తీసేస్తేనే రంగు అతుకుతుంది. పోస్టరు రంగులు మాత్రం వద్దు, చెమట చేతికే ఊడివస్తాయి. పని ముగిశాక వార్నిషు పూతలు వేస్తారు.

కాల్చి గీసేవారికి రంగుతో పని ఉండదు. వేడెక్కిన సూదిమొన ఉన్న కరెంటు పెన్నుతో గీస్తారు. ధర్మవరం వైపు నుంచి వచ్చే ఒకావిడ పనిచేస్తుండగా నేను గంటసేపు పక్కన కూర్చున్నాను. ఆవిడ గీత లాగుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టి, గీత ఆగినచోట వదిలేవారు. మొన ఒక్క క్షణం ఎక్కువ నిలిస్తే అక్కడ నల్లటి చుక్క పడుతుంది. కాల్చిన గీతకు రబ్బరు లేదు, పైన ఇంకో రంగు పూయడానికీ లేదు. బొమ్మలోని చీర అంచులో వేలెడంత ముక్కకు ఆవిడకు నలభై నిమిషాలు పట్టింది. హాలంతా వేయించిన గింజల వాసన.

చిత్రాల్లో లేపాక్షి పోలికలు ఎందుకు అంత ఎక్కువ?

మన ప్రాంతపు చిత్రకారులకు లేపాక్షి వీరభద్రాలయం పైకప్పే తొలి బడి కనుక. విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో, 16వ శతాబ్దంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి అది. కప్పు మీద కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం, ఇంకా ఎన్నో కథలు బారులు తీరి ఉంటాయి. ఎర్రమట్టి రంగు నేపథ్యం మీద నల్లటి గీతతో కట్టిన మనుషులు, పక్కకు తిరిగిన ముఖాలు, చెంప దాటి సాగిన కన్ను. ఒక్కొక్క స్త్రీ చీర మీదా ఒక్కొక్క నమూనా. మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి చూసినవాళ్ళకు ఆ కన్ను చేతిలోకి వచ్చేస్తుంది.

నిమ్మలకుంట తోలుబొమ్మల ప్రభావమూ అంతే ఉంది. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేకతోలును పారదర్శకంగా తయారుచేసి, రంగులు వేసి, నగలున్నచోట ఉలితో సన్నటి రంధ్రాలు పొడుస్తారు. వెనుక దీపం పెట్టగానే ఆ రంధ్రాలు వడ్డాణమై, కంఠహారమై మెరుస్తాయి. మా బల్ల మీది దీపం బుర్రలను చూడండి. పద్ధతి అక్కడినుంచి వచ్చిందే. కొత్తగా వేసేవారికి నేను చెప్పేది ఒక్కటే. లేపాక్షి బొమ్మను అచ్చు దింపడం అభ్యాసానికి మంచిది, కానీ ప్రదర్శనకు మీ వీధిలోని మనిషిని ఆ గీతతో గీసి తీసుకురండి. వేరుశనక్కాయలు ఒలుస్తున్న అవ్వను ఆ కన్నుతో గీసినవారు ఉన్నారు. ఆ చిత్రం ముందు జనం కదలలేదు.

తాకవచ్చా?

చిత్రాలను తాకకండి. వేలి జిడ్డు రంగులో కలిసిపోతుంది. బుర్రల్లో మాత్రం బల్ల చివర తెల్లగుడ్డ మీద పెట్టినదాన్ని తాకండి, ఎత్తండి, ఊపండి. చూపు సరిగా లేనివారిని కళాకారులే చేయిపట్టి మిగతా బుర్రలనూ తడిమిస్తారు. చెక్కిన గీతల లోతు వేళ్ళకే బాగా తెలుస్తుంది.

ఫొటోలు తీసుకోవచ్చా?

తీసుకోండి, ఫ్లాష్ వద్దు. ఎక్కడైనా పెడితే కళాకారుల పేరు తప్పక రాయండి.

ఒక ఎండు సొరకాయకు అంత ధర ఏమిటి?

నన్ను ఎక్కువసార్లు బాధపెట్టిన ప్రశ్న ఇదే. పక్కనే గోడమీది చిత్రానికి అంతకు రెండింతలు ధర ఉన్నా దాన్ని ఎవరూ అలా అడగరు. కాన్వాసు మీద ఉంటే కళ, కాయ మీద ఉంటే చేతిపని అనే లెక్క మన మనసులో పడిపోయింది.

పచ్చి కాయ బుర్రగా మారడం గురించి పైన రాసిన జవాబు చదివితే లెక్క తెలుస్తుంది. విత్తిన నాటినుంచి బుర్ర చేతికి వచ్చేసరికి దాదాపు ఏడాది. కాసినవాటిలో కొన్ని కుళ్ళుతాయి, కొన్ని పగులుతాయి, కొన్నింటి పెంకు పలుచన. మిగిలినదాని మీద పది, పదిహేను రోజుల పని. వంపుతిరిగిన తలం మీద గీయడం చదునైన కాగితం మీద గీసినట్టు కాదు. ఒకవైపు సరిగ్గా కనిపించిన ముఖం బుర్ర తిప్పితే సాగిపోతుంది. మొదలుపెట్టిన అంచు తిరిగివచ్చి మొదటి గీతను సరిగ్గా కలుసుకోవాలి. ఒక నెమలి తక్కువైనా, అర నెమలి ఎక్కువైనా బుర్ర పాడైనట్టే.

బేరం ఆడవచ్చా?

ఆడవద్దని కోరుతున్నాం. ధర కళాకారులే నిర్ణయిస్తారు, దానిలో పదో వంతు హాలు ఖర్చులకు తీసుకుని మిగతాది వారికే ఇస్తాం. ఒకేసారి ఇవ్వలేనివారు రెండు మూడు వాయిదాల్లో ఇవ్వడానికి చాలామంది ఒప్పుకుంటారు. అడగడానికి మొహమాటపడకండి. ఒక బడి పంతులు గారు మూడు నెలల్లో కట్టి ఒక చెరువు చిత్రాన్ని ఇంటికి తీసుకెళ్ళారు.

కొన్న చిత్రాన్ని మా పెళ్ళి శుభలేఖ మీద అచ్చు వేయించుకోవచ్చా?

చిత్రకారుల అనుమతితోనే. చిత్రం కొంటే ఆ వస్తువు మీదవుతుంది, దాన్ని మళ్ళీ అచ్చు వేసే హక్కు మీది కాదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప ఆ హక్కు చిత్రకారుల దగ్గరే ఉంటుంది. వారి జీవితకాలమూ, ఆ తరువాత 60 ఏళ్ళూ అది చెల్లుతుంది. మీరు డబ్బిచ్చి ఫలానా బొమ్మ వేయమని పురమాయించి వేయించుకుంటే మాత్రం సంగతి వేరు. వేరే ఒప్పందం లేకపోతే ఆ చిత్రం మీద మొదటి హక్కు మీదే. అందుకే ఇరువైపులవారూ ముందే ఒక కాగితం మీద రాసుకోండి. మా దగ్గర నమూనా ఉంది.

ఇంటికి తీసుకెళ్ళాక ఎలా చూసుకోవాలి?

ఎండ నేరుగా పడే గోడకు ఏ చిత్రాన్నీ తగిలించకండి. ఇక్కడి వేసవికి నీటిరంగులు రెండేళ్ళలో వెలిసిపోవచ్చు. అద్దంమీది దుమ్మును పొడిగుడ్డతో తుడవండి, చిత్రం మీద మందులు చల్లకండి. కాన్వాసు వేడికి, తేమకు కొద్దిగా వదులవుతుంది. వెనుక మూలల్లో ఉన్న చెక్క మేకులను సుతారంగా తట్టితే మళ్ళీ బిగుసుకుంటుంది. తైలవర్ణాలు పైకి ఆరినట్టున్నా లోపల ఆరడానికి నెలలు పడుతుంది, కాబట్టి కొత్త చిత్రాన్ని ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి దాచవద్దు.

బుర్రకు శత్రువులు రెండే, తడి, పురుగు. బుర్ర కింద మెత్తటి పొడి కనిపించి, పెంకు మీద గుండుసూది మొనంత రంధ్రం ఉంటే పురుగు పట్టినట్టు. దాన్ని వేరుచేసి మాకు చెప్పండి. ఈ రెండూ లేకపోతే బుర్ర తరాలు నిలుస్తుంది. తాతల నాటి తంబూరలే సాక్ష్యం.

బుర్రలో మంచినీళ్ళు పోసుకోవచ్చా?

రంగులు, వార్నిషు ఉన్నవాటిలో తాగేవి, తినేవి ఏవీ పెట్టకండి. మరో మాట, ఏ సొరకాయైనా చేదుగా ఉంటే తినకూడదు, రసం అసలే తాగకూడదు. ఆ చేదు విషపూరితం కావచ్చు.

దీపం బుర్రలో ప్రమిద వెలిగించవచ్చా?

వద్దు. ఎండిన పెంకు అంటుకుంటుంది. వేడెక్కని చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టండి.

నా చిత్రాలను ఇక్కడ పెట్టాలంటే ఏం చేయాలి?

వయసు, చదువు, కళాశాల పట్టా ఏవీ అడగం. రాయలసీమలో ఉంటున్నవారై, పని మీ సొంతమై ఉండాలి. మూడు పనుల ఫొటోలు తీసుకుని హాలుకు రండి. చిత్రకారులు ముగ్గురు కూర్చుని చూస్తారు. తిరస్కరిస్తే ఎందుకో ఎదురుగా చెబుతారు. ఉత్తరంలో కాదు. ఆ మాట వినే హక్కు ప్రతి కళాకారుడికీ ఉందని మా నమ్మకం.

ఫ్రేము విషయంలో జాగ్రత్త పడండి. నీటిరంగు చిత్రానికి, అద్దానికి మధ్య అట్ట అంచు ఉండి తీరాలి. ఒకసారి నేనే ఒక దుకాణంలో నాలుగు చిత్రాలు ఫ్రేము కట్టించాను. అట్ట లేకుండా చిత్రాన్ని అద్దానికి ఆనించి బిగించారు. వానాకాలం వచ్చేసరికి రంగు అద్దానికి అంటుకుపోయింది. విప్పితే ఆకాశం సగం అద్దం మీదే ఉండిపోయింది. వేసిన అబ్బాయికి అది చూపించేటప్పుడు నాకు నోట మాట రాలేదు. అప్పటినుంచి ప్రతి ఫ్రేమునూ తగిలించే ముందు విప్పి చూస్తున్నాం. చిత్రం మధ్యభాగం నేలనుంచి సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తులో, అంటే నిలబడినవారి కంటికి ఎదురుగా వచ్చేలా తగిలిస్తాం. తీగ కాకుండా వెనుక రెండు గట్టి కొక్కేలు పెట్టించుకుని రండి.

బుర్రలు తెచ్చేవారు కూర్చోబెట్టడానికి గుడ్డచుట్టో, పేము చుట్టకుదురో కూడా తెచ్చుకోండి. గుండ్రటి అడుగు బల్ల మీద నిలవదు.

ప్రభుత్వ గుర్తింపు కార్డు అవసరమా?

మాకు అవసరం లేదు. కానీ చేతివృత్తి కళాకారులు కేంద్ర హస్తకళల విభాగం ఇచ్చే పహచాన్ కార్డు తీసుకోవడం మేలు. ఇతర ఊళ్ళలో జరిగే మేళాలకు దరఖాస్తు చేసేటప్పుడు పనికొస్తుంది.

ప్రవేశానికి డబ్బు ఉందా? ఏ వేళల్లో తెరుస్తారు?

ఉచితం. ఉదయం 10 నుంచి రాత్రి 8 వరకు, సోమవారం సెలవు. మెట్లు ఎక్కలేనివారు కింద గ్రంథాలయంలో చెప్పండి, బుర్రలనూ కొన్ని చిత్రాలనూ కిందికి తెచ్చి చూపిస్తాం. ఇది మొహమాటానికి అంటున్నది కాదు, తరచుగా చేస్తున్నదే.

పిల్లలను తీసుకురావచ్చా?

తప్పకుండా తీసుకురండి. ఆదివారం పొద్దున చిన్న బుర్రలు, కుంచెలు ఇచ్చి కూర్చోబెడతాం. కాల్చే పెన్ను మాత్రం పదిహేనేళ్ళు దాటినవారికే, పక్కన కళాకారులు ఉండగానే.

మా ఇంట్లో సొరతీగ వేసి బుర్రలు పండించాలని ఉంది. గింజలు దొరుకుతాయా?

దొరుకుతాయి. చెక్కడం కోసం కోసిన బుర్రల్లోంచి వచ్చిన గింజలను కాగితం పొట్లాల్లో కట్టి తలుపు దగ్గర బుట్టలో పెడుతున్నాం, డబ్బు అక్కర్లేదు. కాయ ఏ ఆకారంలో వచ్చిందో పొట్లం మీద బొమ్మ గీసి ఉంటుంది. అయితే పక్కపక్క పందిళ్ళ రకాలు కలిసిపోతాయి కనుక మీకు అచ్చం అదే ఆకారం రాకపోవచ్చు. గింజతొక్క గట్టిది, ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టి తొలకరిలో నాటండి. పందిరి మాత్రం బలంగా వేయండి, ముదిరిన కాయలు బరువుంటాయి.